ఏడో రోజు కోడిపాదం

"తోకలు ఎటు పోతాయంటావు దుర్గేషూ?"

గుడ్లు ట్రేల్లో సర్దుతున్న దుర్గేష్ తలెత్తాడు. "ఏ తోకలండీ పిన్నిగారూ?"

"కప్పపిల్లల తోకలయ్యా. అదిగో, ఆ గుంటలో చూడు, నల్లగా గరిటెల్లా ఎన్నున్నాయో! ఇంకొన్నాళ్ళకి కాళ్ళొస్తాయి, గట్టెక్కి గెంతుతాయి. తోకలు మాత్రం ఉండవు. కాపరానికొచ్చి నలభై ఏళ్ళు. ఈ గట్ల మీదే తిరుగుతున్నానా, ఒక్కటంటే ఒక్క తోక ఊడిపడి ఉండగా చూళ్ళేదు. బల్లి తోక ఊడితే గిలగిల్లాడుద్ది, కనపడుద్ది. ఇన్ని వేల కప్పల తోకలు ఎక్కడికి పోతన్నట్టు?"

"మీ బాతులు తినేస్తున్నాయేమోనండీ."

"నా బాతులు తింటే కప్పతో సహా తింటాయి గానీ, తోకొక్కటీ కొరుక్కుని కప్పకి దణ్ణం పెట్టి వదిలేస్తాయా?"

దుర్గేష్ నవ్వాడు. ఆదివారం ఆదివారం తాడేపల్లిగూడెం నుంచి ఆకివీడు మీదుగా టీవీఎస్ బండేసుకుని, కలిదిండి అవతల ఈ లంక ఊరికి బాతుగుడ్ల కోసం వస్తాడతను. గుడ్లు ఎత్తుకుని వెళ్ళిపోవడానికి అరగంట చాలు. కానీ నాగరత్నం ఇంటి దగ్గర మాత్రం అతనికి రెండు గంటలు పడుతుంది. ఆవిడ ఏదో ఒకటి అడుగుతుంది. బాతు నీళ్ళలో మునిగినా ఎందుకు తడవదు? పచ్చసొన ఎప్పుడూ మధ్యలోనే ఎందుకుంటుంది? తెలిసినవాటికి అక్కడే జవాబు చెబుతాడు. తెలియనివాటికి వారం రోజులు పుస్తకాలు తిరగేసి వచ్చి చెబుతాడు. అలా ఆవిడ పుణ్యాన అతను నేర్చుకున్నది తక్కువేం కాదు.

కానీ ఇవాళ తోకల గురించి అడుగుతున్నప్పుడు ఆవిడ గొంతులో ఎప్పుడూ ఉండే హుషారు లేదు. పైగా ట్రేల్లో పెద్ద గుడ్లు కూడా ఉన్నాయి. పెద్దవి, నునుపుగా ఉన్నవి ఏరి పొదగేయడానికి అట్టేపెట్టుకోవడం నాగరత్నానికి అలవాటు. వాటి జోలికి అతన్ని రానిచ్చేది కాదు.

"ఇవి కూడా ఇచ్చేస్తున్నారేంటండీ?"

"ఇంక పొదగేయను నాయనా. మంగళవారం బాతుల బేరగాడు ఏసుకుమార్ వస్తాడు, మందంతా తోలుకుపోతాడు." ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంది. "వచ్చే ఆదివారం నువ్వింత దూరం రానక్కర్లేదు."

*

నాగరత్నానికి బాతులు పుట్టింటి నుంచి రాలేదు. కొల్లేరులో చేపల చెరువుల గట్లని సర్కారు కొట్టేసిన ఏడు, ఊరందరితో పాటు ఆవిడ భర్త ఏడుకొండలు పని కూడా నీళ్ళలో కలిసింది. అప్పుడు ఎక్కడి నుంచో ఇరవై బాతుపిల్లల్ని గంపలో పెట్టుకొచ్చింది. "చేపలు పోయాయని పిట్టల్ని తెచ్చావా?" అని ఏడుకొండలు ఎగతాళి చేశాడు. ఇప్పుడతను పక్క ఊరి చేపల చెరువులో మేత పడవ మీద పనిచేస్తాడు. బాతులు మూడొందల దాకా అయ్యాయి. పొద్దున్నే గూడు తలుపు తీసి ఆవిడ "దా దా దా" అంటే చాలు, మంద మొత్తం ఒక్క వరసన కాలవలోకి దిగిపోతుంది. కోతలయ్యాక చేలల్లో రాలిన గింజ, మిగతా రోజుల్లో నత్తలు, వాటి తిండి అవే వెతుక్కుంటాయి.

బాతుకి గుడ్డు పెట్టడమే తెలుసు, కూర్చుని పొదిగే ఓపిక లేదు. అందుకని నాగరత్నం గుడ్లని కోడిపెట్ట కింద పెడుతుంది. అందులో ఆవిడది ఒక పద్ధతి. బాతుపిల్ల రావడానికి ఇరవై ఎనిమిది రోజులు, కోడిపిల్లకి ఇరవై ఒకటి. అందుకని ముందు బాతుగుడ్లు పెట్టి, సరిగ్గా వారానికి అదే పెట్ట కింద నాలుగు కోడిగుడ్లు చేరుస్తుంది. అన్నీ ఒక్కరోజే పిల్లలవుతాయి. "సొంత పిల్లలు లేకపోతే పెట్ట మనసు నొచ్చుకుంటుందయ్యా" అంటుంది. గుడ్లు కలిసిపోకుండా బొగ్గుతో గుర్తు. బాతుగుడ్డుకి మూడు గీతలు, కోడిగుడ్డుకి ఒకటి.

కొడుకు హేమంత్‌కుమార్ చేపల వ్యాను నడుపుతాడు. నిరుడు వేసవిలో అతనికి నల్లజర్ల పిల్ల మమతతో పెళ్ళయింది. మెట్టప్రాంతం పిల్ల. బాతుల్ని చూసి మొదటిరోజు దూరం నుంచే ఫొటోలు తీసుకుంది, నెల తిరక్కుండా గూడు తలుపు తనే తీయడం నేర్చుకుంది. నీళ్ళోసుకుందని తెలిశాక నాగరత్నం ఆనందం అంతా ఇంతా కాదు. రోజూ పొద్దున్నే ఒక బాతుగుడ్డు, అప్పుడే ఉడకబెట్టి, మిరియాలపొడి చల్లి ఇచ్చేది. ఈ ఊళ్ళో కడుపుతో ఉన్నవాళ్ళకి పెట్టేది అదే.

శివరాత్రి వెళ్ళిన వారానికి నల్లజర్లలో ఆడపిల్ల పుట్టింది. బంగారు బొమ్మలాంటి పిల్ల. కుడిచేతి మధ్యవేలూ ఉంగరపు వేలూ మాత్రం చివరిదాకా అతుక్కుని ఉన్నాయి.

"బాతు పాదంలా ఉందే!" అంది మమత తల్లి అమ్మాజీ, చూడగానే. ఆ మాట ఆవిడ కావాలని అనలేదు, నోట్లోంచి వచ్చేసింది. అన్నాక ఇక వెనక్కి తీసుకోలేకపోయింది. రోజుకో బాతుగుడ్డు తిన్నదాని కడుపున అలాంటి చెయ్యి కాక ఇంకేం వస్తుంది? నల్లజర్లలో వాళ్ళ వీధి వీధంతా అదే అంది. చివరికి ఇంట్లో బాతులుండగా మనవరాల్ని ఆ గుమ్మం ఎక్కించనని అమ్మాజీ తేల్చి చెప్పేసింది.

నాగరత్నం ఎదురు చెప్పలేదు. ఎదురు చెప్పడానికి లోపల ధైర్యం ఉండాలి కదా. ఆ గుడ్లు తన చేత్తోనే ఉడకబెట్టింది.

*

ఈ సంగతంతా ఆవిడ అరుగు మీద కూర్చుని దుర్గేష్‌కి చెబుతుండగానే ఫోన్ మోగింది. నాగరత్నం ఫోన్ చెవి దగ్గర పెట్టుకోదు, స్పీకర్ పెట్టి మోకాలి మీద పెట్టుకుంటుంది.

"వదినగారూ, బాగున్నారాండీ?" అమ్మాజీ గొంతు మెత్తగా ఉంది.

"బాగున్నామండి. చంటిది ఎలా ఉందండి?"

"దానికేమండీ, మహారాణి. బోర్లా పడుతోంది. చేతికి మాత్రం జేబురుమాలు చుట్టి ఉంచుతున్నానండి. వచ్చినవాళ్ళు పిల్ల మొహం చూడరు, 'ఏదీ, చెయ్యి చూపించండి' అంటారు. ఏలూరు డాక్టరు గాయత్రిగారు మొన్న కూడా చెప్పారు లెండి. ఎముకలు విడివిడిగానే ఉన్నాయట, తోలే కలిసిందట, ఏడాది దాటాక ఆపరేషన్ చేస్తే మామూలు చెయ్యే అన్నారు."

"ఆ మాట మంచిదండి."

"మంగళవారానికి అవి వెళ్ళిపోతాయన్నారు కదండీ? తప్పుగా అనుకోకండేం. మీరు ప్రేమగానే పెట్టారు, నేను కాదనను. కానీ చూశారు కదా."

"చూశానండి" అంది నాగరత్నం. ఫోన్ పెట్టేసింది.

పశువుల కొట్టం దగ్గర వల బాగుచేసుకుంటున్న ఏడుకొండలు అక్కడి నుంచే అన్నాడు. "నా చిన్నప్పట్నుంచి నేను కొరమేను తింటన్నాను. నాకు మీసాలొచ్చాయి గానీ మొప్పలొచ్చాయా?"

"మీరు ఊరుకుందురూ!" అంది నాగరత్నం.

దుర్గేష్ ఆలోచిస్తున్నాడు. గుడ్ల బేరంలోకి దిగకముందు అతను తాడేపల్లిగూడెం పక్కన ఒక హేచరీలో ఎనిమిదేళ్ళు పనిచేశాడు. చీకటి గదిలో గుడ్డుని దీపానికి అడ్డంపెట్టి చూసి, పిల్లకానివాటిని ఏరడం పని. ఏరినవాటిని పగలగొట్టి, లోపలి పిండం ఎన్నో రోజున ఆగిపోయిందో రాయాలి. మొదట్లో ముక్కు మూసుకుని చేసేవాడు. తర్వాత అక్కడి డాక్టరు ఆనంద్ పాల్ దగ్గర ఒక లావుపాటి పుస్తకం అడిగి తీసుకుని, డిక్షనరీ పక్కనపెట్టుకుని ఏడాది పాటు చదివాడు. అప్పట్నుంచి అతనికి ప్రతి గుడ్డూ ఒక కథ పుస్తకమే.

"పిన్నిగారూ, ఒక మాట చెబుతాను, నవ్వకూడదు" అన్నాడు. "కోడిపిల్లకి కూడా మొదట్లో బాతు పాదమే ఉంటుందండి."

నాగరత్నం నవ్వలేదు. కొంచెం జాలిగా చూసింది. "నన్ను ఊరడించాలని చెబుతన్నావు. నీ మనసు మంచిది."

"ఊరడింపు కాదండీ. ఇప్పుడు పెట్ట ఏదైనా కూర్చుందా?"

కూర్చుంది. వంటింటి మూల గంపలో, ఎర్ర పెట్ట. కోడిగుడ్లు చేర్చి ఎనిమిదో రోజు. నాగరత్నం పెట్టని ఒక చేత్తో పక్కకి జరిపి, అది చేసే రభసకి "ఉండవే, నీ సొమ్మేం ఎత్తుకుపోవడం లేదు" అని సర్దిచెబుతూ, ఒంటిగీత గుడ్లు నాలుగూ తీసి ఇచ్చింది. దుర్గేష్ ఫోన్ లైటు మీద ఒక్కొక్కటే ఆనించి చూశాడు. మూడింట్లో ఎర్రటి నరాలు సాలెగూడులా పాకి, మధ్యలో నల్లచుక్క ఊగుతోంది. నాలుగోదాంట్లో నరాలు చెదిరిపోయి ఉన్నాయి, చుక్క కదలడం లేదు.

"ఇది ఆగిపోయిందండీ. నిన్ననో మొన్ననో."

సత్తు పళ్ళెంలో జాగ్రత్తగా పగలగొట్టాడు. చిటికెనవేలి గోరంత పిండం. పెద్ద తల, పెద్ద కన్ను, దారంలాంటి కాలు. ఫోన్ కెమెరాని దగ్గరికి తెచ్చి పెద్దది చేశాడు. నాగరత్నం కళ్ళజోడు పెట్టుకుని వంగింది.

కాలి చివర పాదం. వేళ్ళు ఇంకా విడలేదు. విసనకర్ర మీద ఈనెల్లా సన్నటి గీతలున్నాయి. గీతకీ గీతకీ మధ్య పల్చటి తోలు పరుచుకుని ఉంది.

వెనక నుంచి ఏడుకొండలు తొంగిచూసి తీర్పు చెప్పేశాడు. "బాతే ఇది. గుడ్లు కలిపేశావు రత్నం. ముసలిదానివైపోతన్నావు."

"నేనా కలిపేది!" నాగరత్నం పెంకు తీసి అతని మొహం ముందు పెట్టింది. "లెక్కపెట్టండి. ఎన్ని గీతలు?"

"ఒకటి."

"ఒకటంటే?"

"కోడి" అన్నాడు ఏడుకొండలు, పాఠం అప్పజెప్పినవాడిలా. తర్వాత మళ్ళీ వంగి చూశాడు. "కోడికి బాతు పాదమేంటే?"

*

"ఇది ఏడో రోజు పాదమండీ" అన్నాడు దుర్గేష్. "ఇంకో రెండుమూడు రోజులు బతికి ఉంటే ఆ మధ్యలో తోలు ఉండేది కాదు. మామూలు కోడి వేళ్ళయ్యేవి."

"అంటే ఆ తోలు చిరిగిపోతుందా లోపల?"

"చిరగదండీ. చిరిగితే నెత్తురొస్తుంది, వాస్తుంది, చీము పడుతుంది. ఇక్కడ అలాంటివేం ఉండవు. ఆ తోలంతా కంటికి కనపడని కణాలు కదా. పని అయిపోయింది, ఇక పొమ్మని వాటికి చుట్టుపక్కల కణాల నుంచి కబురొస్తుంది. పోవడానికి కావలసిన సరంజామా ప్రతి కణంలోనూ ముందు నుంచే ఉంటుంది, బయటి నుంచి ఎవరూ తెచ్చివ్వక్కర్లేదు. కబురు అందగానే కణం తన లోపలి సామానంతా తనే ముక్కలు చేసుకుంటుంది. కుంచించుకుపోతుంది. చివరికి చిన్నచిన్న మూటలుగా విడిపోతుంది. పక్కనున్న కణాలు ఆ మూటల్ని మింగేస్తాయి. పనికొచ్చేది వాడుకుంటాయి."

"చప్పుడు లేకుండా?"

"చప్పుడు లేకుండా, మురికి లేకుండా. అద్దెకున్నవాళ్ళు ఇల్లు ఊడ్చి, తాళం చేతికిచ్చి వెళ్ళిపోయినట్టు."

నాగరత్నం చెయ్యి ఒక్కసారి గాల్లో ఆగింది. "ఉండు. అయితే కప్ప తోక..."

"అదేనండీ. మీకు ఊడిపడి కనపడదు. లోపల్నుంచే కరిగి కప్ప ఒంట్లోకే వెళ్ళిపోతుంది. ఆ నాలుగు రోజులూ కప్ప తిండి కూడా మానేస్తుందట. తోకే భోజనం."

"ఓరి నీ ఇల్లు బంగారంగానూ!" అంది నాగరత్నం. పొద్దున్నుంచి మొదటిసారి ఆవిడ నిజంగా నవ్వింది. "నలభై ఏళ్ళ నుంచి వెతుకుతున్నాను కదయ్యా, తిన్నది ఎదురుగానే కూర్చుని బెకబెకమంటా ఉంది."

ఇక ప్రశ్నలు మొదలయ్యాయి. మరి బాతుకి ఆ కబురు రాదా? వస్తుంది, కానీ దాని వేళ్ళ మధ్య ఇంకో పదార్థం కాపలా కూర్చుని ఆ కబురు చేరనివ్వదు. అందుకే తోలు మిగిలిపోతుంది, బాతు ఈదుతుంది. ఇదంతా పుట్టకముందేనా, తర్వాత కూడానా? బతికున్నన్నాళ్ళూను. మన ఒంట్లో రోజూ కోట్లకోట్ల కణాలు ఇలాగే వెళ్ళిపోతుంటాయి. అరిగిపోయినవి, పాడైనవి, పని అయిపోయినవి. వాటి చోట కొత్తవి వస్తాయి. కాబట్టే మనిషి మనిషిగా ఉంటాడు.

"మరి కబురొచ్చినా నేను పోను అంటేనో?"

"అలాంటివి కూడా ఉంటాయండీ. పోవలసిన కణం పోకుండా, తన లాంటివాటిని పుట్టించుకుంటూ కూర్చుంటే, చివరికి గడ్డవుతుంది. క్యాన్సర్లలో చాలావాటి తీరు అదే."

నాగరత్నం తలూపింది. ఆవిడ అక్క అలాగే పోయింది, ఏలూరు ఆసుపత్రిలో. "పంక్తిలో తినేసినవాళ్ళు లేవకపోతే తర్వాతవాళ్ళు ఎక్కడ కూర్చుంటారు" అంది నెమ్మదిగా. "నిండా తిని, విస్తరి మడిచి లేవాలి. ఆ మర్యాద కణానికి కూడా ఉందన్నమాట."

ఆ మాట దుర్గేష్‌కి ఎంతో నచ్చింది. ఏ పుస్తకంలోనూ ఇలా రాసి లేదు.

"మనిషికి?" అంది ఆవిడ, ఇప్పుడు చాలా మెల్లగా. అసలు అడగాలనుకున్నది అదేనని అతనికి అర్థమైంది.

"మనిషికీ అంతేనండి. నాకూ మీకూ అందరికీ. కడుపున పడ్డ ఆరో వారంలో చెయ్యి తెడ్డులా ఉంటుంది. ఎనిమిదో వారం దాటేసరికి మధ్యలో కణాలు తప్పుకుంటాయి, వేళ్ళు విడతాయి. చంటిదానికి ఆ ఒక్క సందులో కబురు అందలేదు. ఎందుకందలేదంటే చాలాసార్లు డాక్టర్లకే తెలీదట. కొన్ని ఇళ్ళలో వంశాన వస్తుందట. గుడ్డు తింటే మాత్రం రాదండీ. గుడ్డు కడుపులో అరిగిపోతుంది, వేళ్ళ దగ్గరికి ఏం నడిచివెళ్ళదు."

నాగరత్నం తన కుడిచెయ్యి ఎత్తి, వేళ్ళు దూరంగా చాపి, వెలుగుకి పట్టి చూసుకుంది. ఎప్పుడూ చూడని చెయ్యిలాగే చూసుకుంది. తర్వాత ఒక్కో వేలూ మడవడం మొదలుపెట్టింది. రోజులు లెక్కపెట్టడం ఆవిడ వృత్తి. ఇరవై ఎనిమిది, ఇరవై ఒకటి, ఏ గుడ్డు ఎప్పుడు పెట్టింది, ఏది ఎప్పుడు చిట్లుతుంది, ఇరవై ఏళ్ళ నుంచి ఒక్కసారి తప్పలేదు.

"ఎనిమిదో వారమన్నావు."

"ఆఁ."

"ఐదో నెల దాకా మమత గుడ్డు ముట్టుకోలేదు. నీచు వాసన తగిలితే చాలు కక్కేసేది. దసరాకి కాస్త తేరుకుంది, అప్పుడు మొదలుపెట్టాను." వేళ్ళు మడుస్తూ వెనక్కి వెళ్ళింది. "దసరా, భాద్రపదం, శ్రావణం... ఎనిమిదో వారం అంటే ఆషాఢమయ్యా."

"అయ్యుంటుందండి."

"ఆషాఢంలో మమత ఇక్కడ లేదు."

కొత్త కోడలు మొదటి ఆషాఢం అత్తగారింట్లో ఉండకూడదు కదా. నెల రోజులూ నల్లజర్లలోనే ఉంది. అప్పటికి కడుపుతో ఉన్నట్టు మమతకే తెలియదు. ఆ చిన్న తెడ్డు వేళ్ళుగా మారిన రోజుల్లో ఆ పిల్ల తిన్నదంతా అమ్మాజీ చేతి వంటే.

ఏడుకొండలు వల పక్కన పడేసి లేచాడు. "ఇదిరా మాటంటే! ఫోన్ ఇలా తే రత్నం, నేను మాట్లాడతాను మీ వదినగారితో. ఆషాఢంలో మీ ఇంట్లో మా కోడలికి ఏం వండిపెట్టారండీ అని అడుగుతాను. ఏం, ముంజలా, మామిడికాయ పప్పా?"

నాగరత్నం ఫోన్ తీసి ఒళ్ళో దాచేసుకుంది. "మీరు ముందు ఆ ఏసుకుమార్‌కి చెప్పండి, మంగళవారం రావద్దని. వదినగారితో మీరేం మాట్లాడక్కర్లేదు."

ఎర్ర పెట్టని గంపలో సర్దింది. మిగిలిన మూడు ఒంటిగీత గుడ్లూ దాని కిందికి తోసింది. దుర్గేష్ బండికి తాళ్ళు బిగించాక, వెనకాలే గట్టు దాకా నడిచొచ్చింది. ఏదో తేల్చుకోలేకపోతున్నట్టు ట్రేల మీద చెయ్యి వేసి నిలబడింది.

"నల్లజర్ల నీకు ఎంత దూరం నాయనా?"

"గూడెం నుంచి పెద్ద దూరమేం కాదండీ. వెళ్ళమంటారా?"

"రేపే వెళ్ళు. నేను ఫోన్లో చెబితే నా బాతుల కోసం చెబుతున్నాననుకుంటుంది. నువ్వు గుడ్ల మనిషివి, నీ మాట వింటుంది. ఆ ఫొటో చూపించు. అందరి చెయ్యీ మొదట అంతేనని చెప్పు. ఆవిడది, నాది, ఆ చూడ్డానికొచ్చే అమ్మలక్కలందరిదీను."

"చెబుతానండి. లెక్క కూడా చెప్పనా? ఆషాఢం..."

"అదే వద్దంటున్నాను." నాగరత్నం అతని మోచెయ్యి పట్టుకుంది. "నాలుగు నెలల నుంచి, నా చేత్తో పిల్ల చెయ్యి పాడుచేశానని నాకు అన్నం సయించట్లేదు. ఇప్పుడా ముద్ద తీసి ఆవిడ నోట్లో పెట్టనా? గుడ్డు వల్ల కాదు, ఎవరి వల్లా కాదు, అంతవరకే చెప్పి ఊరుకో. తనే వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటే పెట్టుకుంటుంది. అడిగితే మాత్రం, నాగరత్నం గుడ్లకి తప్ప దేనికీ లెక్కలు కట్టదని చెప్పు. వెళ్ళిరా బాబూ."